పీఈ 4 దగ్గర కొన్నాను, ఇప్పుడు 18 అయింది: పదేళ్ల సగటు లాభంతో లెక్క ఎలా వేయాలి?

గాజువాక_మదుపరి

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

2022 ఏప్రిల్‌లో ఒక చిన్న ఉక్కు కంపెనీ షేర్లు కొన్నాను. పేరు చెప్పను. అప్పుడు ధర 160, ఆ ఏడాది ఈపీఎస్ (ఒక్కో షేరుకి వచ్చిన లాభం) 40, అంటే పీఈ (ధర ఆ లాభానికి ఎన్ని రెట్లో) 4. నాలుగేళ్ల లాభంతోనే పెట్టిన డబ్బు తిరిగొస్తుంది కదా అనుకున్నాను. మా అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుల కోసం దాచినదాంట్లోంచి రెండు లక్షలు పెట్టాను.

ఇప్పుడు ధర 108. 2024-25 ఈపీఎస్ 6. ధర మూడో వంతు పడిపోయింది, పీఈ మాత్రం 4 నుంచి 18కి ఎక్కింది. చౌక అని కొంటే నష్టం వచ్చింది. ఇప్పుడేమో 18 అంటే ఉక్కు కంపెనీకి ఎక్కువ, అమ్మేయమంటున్నారు. రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పదేళ్ల లాభాలను ధరల పెరుగుదలకు తగ్గట్టు సరిచేసి, సగటు తీసి, దానితో షేరు ధరను పోల్చాలని ఒకచోట చదివాను. దాన్ని కేప్ అంటారట. అది సెన్సెక్స్, నిఫ్టీ లాంటి సూచీలకేనా, ఒక్క కంపెనీకీ వాడొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

మిర్చియార్డు

అన్నా, మాది గుంటూరు వైపు. షేర్ల సంగతి నాకు తక్కువ తెలుసు, పొలం సంగతి బాగా తెలుసు. 2023లో మిర్చి క్వింటా 20 వేలు దాటింది. ఆ రేటు చూసి మా ఊళ్లో కౌలు పెంచేశారు, పెంచిన కౌలుకి పోటీ పడి తీసుకున్నారు కూడా. 2025 ఫిబ్రవరికి రేటు ఎంత పడిందంటే, కేంద్రమే కలగజేసుకుని క్వింటాకు 11,781 అని ధర ప్రకటించాల్సి వచ్చింది. ఎక్కువ కౌలు ఒప్పుకున్నవాళ్లు ఇంకా అప్పులు తీరుస్తున్నారు.

మా తాత పొలం కొనేటప్పుడు ఒక్క ఏడాది దిగుబడి అడిగేవాడు కాదు. కరువు సంవత్సరాల్లో ఎన్ని బస్తాలు, మంచి సంవత్సరాల్లో ఎన్ని బస్తాలు అని పదేళ్లవి అడిగి, సగటు కట్టి, దాని మీద బేరం ఆడేవాడు. మీరు 2022లో కొన్నది మిర్చి 20 వేలున్నప్పటి పొలం లాంటిది.

పాతలెక్కలు

మిర్చియార్డు గారి తాతగారు చేసిన పనే 1934లో గ్రాహం, డాడ్ అనే ఇద్దరు అమెరికా మదుపు పండితులు తమ పుస్తకంలో రాశారు. కంపెనీ లాభాలను కనీసం ఐదేళ్లకు, వీలైతే ఏడు నుంచి పదేళ్లకు సగటు తీసి చూడమన్నారు. గమనించండి, వాళ్లు చెప్పింది ఒక్కొక్క కంపెనీ గురించే. తర్వాత 1988లో క్యాంప్‌బెల్, షిల్లర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ ఆలోచనను తీసుకుని, ధరల పెరుగుదల సవరణ కలిపి, అమెరికా మార్కెట్ మొత్తానికి వాడారు. కాబట్టి గాజువాక గారూ, ఒక్క కంపెనీకి వాడడం తప్పు కాదు, అది పుట్టిందే అక్కడ. ఎలాంటి కంపెనీకి వాడుతున్నాం అన్నదే ప్రశ్న.

మీరు ఏడాదివారీగా ఈపీఎస్ ఇక్కడ పెట్టండి. స్ప్లిట్ (షేరును ముక్కలు చేయడం), బోనస్ (ఉచిత షేర్లు) ఏమైనా జరిగి ఉంటే సరిచేసి పెట్టండి. నేను బ్యాంకులో ముప్పై ఏళ్లు అప్పుల ఫైళ్లు చూసినవాణ్ణి, లెక్క వేసి చూపిస్తాను.

గాజువాక_మదుపరి

ధన్యవాదాలు మాస్టారూ. ఆదివారమంతా కూర్చుని యాన్యువల్ రిపోర్టుల్లోంచి తీశాను. స్ప్లిట్‌కి సరిచేశాను.

2015-16: 4
2016-17: 6
2017-18: 10
2018-19: 12
2019-20: 3
2020-21: 9
2021-22: 40
2022-23: 12
2023-24: 8
2024-25: 6

ఓరుగల్లు_కుర్రాడు

సగటు 11 వచ్చింది అన్నా. 108ని 11తో భాగిస్తే 9.8. ధరల పెరుగుదల సవరణకి ఇన్‌కంట్యాక్స్ వాళ్ల కాస్ట్ ఇన్‌ఫ్లేషన్ ఇండెక్స్ తేలిక. 2015-16కి 254, 2024-25కి 363. అంటే అప్పటి 4 రూపాయలు ఇప్పటి 5.72.

పాతలెక్కలు

తమ్ముడూ, ఆ ఇండెక్స్ ఈ పనికి వద్దు. అది మూలధన లాభాల పన్ను కోసం కట్టింది. పట్టణ వినియోగదారుల ధరల సూచీ పెరుగుదలలో 75 శాతమే అందులోకి తీసుకుంటారు. అసలు పెరుగుదల కంటే తక్కువ చూపిస్తుంది. గణాంక శాఖ ఇచ్చే సీపీఐ, అంటే పూర్తి వినియోగదారుల ధరల సూచీ తీసుకోవాలి. 2012ని 100 అనుకున్న సూచీలో ఏడాది సగటు 2015-16లో సుమారు 125, 2024-25లో సుమారు 193. దీని ప్రకారం అప్పటి 4 రూపాయలు ఇప్పటి 6.18.

మధ్య సంవత్సరాలకు వరుసగా 130, 135, 140, 146, 155, 164, 175, 184 అని తీసుకున్నాను. ప్రతి ఏడాది ఈపీఎస్‌ని 193తో హెచ్చించి ఆ ఏడాది సూచీతో భాగించడమే. ఇప్పటి రూపాయల్లో వరుసగా ఇలా వస్తాయి: 6.18, 8.91, 14.30, 16.54, 3.97, 11.21, 47.07, 13.23, 8.39, 6.00. మొత్తం 135.80, సగటు 13.58. ధర 108ని దీనితో భాగిస్తే దాదాపు 8.

ఇక 2022 ఏప్రిల్‌కి వెళ్దాం. మీరిచ్చిన అంకెల్లో 2015-16 నుంచి 2020-21 వరకు, ఆ బంగారు సంవత్సరం రాకముందున్న ఆరేళ్లను 2021-22 రూపాయల్లోకి మారిస్తే సగటు 8.65. మీరు కొన్న ధర 160. అంటే ఆ కంపెనీ మామూలుగా సంపాదించేదానికి పద్దెనిమిదిన్నర రెట్లు ఇచ్చారు. తెర మీద కనిపించిన 4 ఒక్క ఏడాదిది. నిజంగా మీరు కట్టిన ఖరీదు 18.5. ఇప్పుడు తెర మీద 18 కనిపిస్తోంది, పదేళ్ల లెక్కలో 8 ఉంది. రెండు సార్లూ మామూలు పీఈ మీకు తిరగేసి చెప్పింది.

గాజువాక_మదుపరి

మాస్టారూ, ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసి కాసేపు ఏమీ తోచలేదు. ఈ లెక్క 2022లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

డల్లాస్_తమ్ముడు

గాజువాక అన్నా, ఇలా తిరగబడడం మీ ఒక్క కంపెనీకే జరగలేదు. టాటా స్టీల్ చూడండి. 2021-22లో ఏకీకృత లాభం (అనుబంధ కంపెనీలవి కూడా కలిపి) 41 వేల కోట్లు దాటింది. 2022 మార్చి ఆఖరుకి పీఈ 4 దగ్గర ఉంది. తర్వాతి ఏడాది లాభం సుమారు 8 వేల కోట్లు. ఆ పై ఏడాది సుమారు 4,900 కోట్ల నష్టం. మీరు కొన్న నెల తర్వాతే, 2022 మే 22న, కేంద్రం ఉక్కు ఎగుమతుల మీద 15 శాతం సుంకం వేసింది. నవంబర్‌లో తీసేసింది కానీ ఆ లోపు ప్రపంచ ధరలే దిగిపోయాయి.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ మా దగ్గరుంది. 2009 మార్చిలో అమెరికా ప్రధాన సూచీ ఎస్ అండ్ పీ 500లోని కంపెనీల పన్నెండు నెలల లాభం సూచీ లెక్కలో 7 డాలర్లకు పడిపోయింది. బ్యాంకులు వేల కోట్ల డాలర్ల నష్టాలు రాసుకున్నాయి మరి. దాంతో మామూలు పీఈ వంద దాటేసింది. దాన్ని నమ్మినవాడు చరిత్రలోనే అత్యంత ఖరీదైన మార్కెట్ అనుకుని దూరంగా ఉండాలి. అదే సమయంలో పదేళ్ల లెక్క 13 చూపింది. దాని దీర్ఘకాల సగటు 17 దగ్గర ఉంటుంది. ఆ మార్చి 9న సూచీ 676. అంతకంటే కిందకి మళ్లీ రాలేదు.

అయితే రెండో వైపు కూడా చెప్పాలి. 1996 డిసెంబర్ 3న షిల్లర్, క్యాంప్‌బెల్ అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వాళ్ల ముందు మార్కెట్ బాగా ఖరీదుగా ఉందని ఇదే లెక్కతో చెప్పారు. అప్పుడు కేప్ 28. రెండు రోజులకు దాని ఛైర్మన్ గ్రీన్‌స్పాన్ తన ప్రసంగంలో ఆ మాట ఎత్తారు. సూచీ 744. అమ్మేసినవాళ్లు తర్వాత మూడేళ్లు ఏం అనుభవించారో ఆలోచించండి: 2000 మార్చికి 1,527కి వెళ్లింది. 1999 చివర్లో కేప్ 44. ఆ తర్వాత 2002 అక్టోబర్‌కి 776, 2009కి 676. పన్నెండేళ్ల తర్వాత షిల్లర్ మాట నిలబడింది, మూడేళ్ల పాటు మాత్రం ఆయన మాట విన్నవాళ్లకు నరకం. అమ్మాయి ఫీజు వచ్చే ఏడాది కట్టాలంటే ఈ లెక్క మీకు ఏ సాయమూ చేయదు. ముందు అది చెప్పండి, ఫీజులు ఎప్పటినుంచి?

గాజువాక_మదుపరి

ఇంకా నాలుగేళ్లుంది తమ్ముడూ. పాప తొమ్మిదో తరగతి.

ఆడిట్_అక్క

కొంచెం ఆలస్యంగా వచ్చాను. మాస్టారి లెక్క సరిగ్గానే ఉంది, కానీ ఆ 8 అంకె చూసి ఎవరూ తొందరపడి ఇంకా కొనొద్దు. పదేళ్ల మొత్తం 135.80లో ఒక్క 2021-22 వాటాయే 47. మూడో వంతు పైన. అలాంటి సంవత్సరం పదేళ్లకొకసారి తప్పకుండా వస్తుందని ఎవరు చెప్పగలరు? అది తీసేసి తొమ్మిదేళ్ల సగటు చూస్తే 9.86, అప్పుడు 108 అంటే 11 రెట్లు. మధ్యస్థ విలువ (చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చితే నడుమ వచ్చేది) తీసుకున్నా 10 దగ్గరే వస్తుంది. సూచీలో పదులో వందలో కంపెనీలుంటాయి, ఒకరి వెర్రి సంవత్సరం మిగతావాళ్లలో కలిసిపోతుంది. ఒక్క కంపెనీలో అలా కలవదు. అందుకే ఒక్క కంపెనీకి నేను సగటు, మధ్యస్థం రెండూ పక్కపక్కన రాసుకుంటాను. రెండిటికీ దూరం ఎక్కువైతే ఎందుకో వెతుకుతాను.

అలాగే ఆ 40 రూపాయల్లో అసాధారణ అంశాలు ఉన్నాయేమో చూశారా? స్థలం అమ్మకం, పాత పన్ను వాపసు, అనుబంధ కంపెనీ అమ్మకం లాంటివి. లాభనష్టాల పట్టికలో విడిగా ఒక వరుస ఉంటుంది, దాని కింద నోట్ నంబర్ ఉంటుంది.

ఇంకో మాట. పదేళ్ల రూపాయిల్ని ధరల పెరుగుదలకు సరిచేస్తున్నాం, కానీ పదేళ్లలో లెక్కల పద్ధతులు, పన్నులు కూడా మారాయి. పెద్ద కంపెనీలకు 2016 ఏప్రిల్ నుంచి, మిగతా లిస్టెడ్ కంపెనీలకు 2017 ఏప్రిల్ నుంచి ఇండ్ ఏఎస్ అనే కొత్త అకౌంటింగ్ పద్ధతి వచ్చింది. 2019 సెప్టెంబర్‌లో కార్పొరేట్ పన్ను తగ్గించారు. మినహాయింపులు వదులుకున్న కంపెనీకి అన్నీ కలిపి సుమారు 25 శాతం. అంతకుముందు పెద్ద కంపెనీ దాదాపు 35 కట్టేది. పన్నుకు ముందు వంద సంపాదించిన కంపెనీకి 2018లో 65 మిగిలితే ఇప్పుడు 75 మిగులుతుంది. కాబట్టి పాత సంవత్సరాల అంకెలు కొంచెం తక్కువగా కనిపిస్తాయి. నేనైతే పన్నుకు ముందు లాభం తీసుకుని ఇప్పటి పన్ను రేటు వేసుకుంటాను.

ఓరుగల్లు_కుర్రాడు

అక్కా, నిఫ్టీ పీఈ చార్టులు కూడా ఇందుకే అతకవా? 2021 మార్చి ఆఖరులో ఒక్కసారిగా కిందకి దూకుతుంది.

ఆడిట్_అక్క

అది వేరే కారణం. అప్పటిదాకా నిఫ్టీని నడిపే ఎన్‌ఎస్‌ఈ వాళ్లు మాతృ కంపెనీల విడి లాభాలతో కట్టేవాళ్లు, అప్పటినుంచి అనుబంధ కంపెనీలు కలిపిన ఏకీకృత లాభాలతో కడుతున్నారు. 40 దగ్గరున్నది 33కి వచ్చింది, మార్కెట్ పెద్దగా కదలకుండానే. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న అంకెల్ని కలిపి సగటు తీసే చార్టు ఎవరు పంపినా పక్కన పెట్టు.

సేల్స్‌రెప్_హైదరాబాద్

నేను ఫార్మాలో పనిచేస్తాను. ఈ పద్ధతి ఎదిగే కంపెనీలకు అన్యాయం చేస్తుందని నా అభిప్రాయం. మా ఊరి దివీస్ లాబ్స్ తీసుకోండి. పదేళ్ల కింద ఉన్న ఫ్యాక్టరీలు వేరు, ఇప్పుడున్నవి వేరు. 2015 నాటి లాభాన్ని ధరల పెరుగుదలకు ఎంత సరిచేసినా అది చిన్న కంపెనీ లాభమే. సగటులో కలిపితే ఎప్పుడూ ఖరీదుగానే కనిపిస్తుంది. పదేళ్ల లెక్క నమ్మి దూరంగా ఉన్నవాళ్లు మంచి కంపెనీలన్నిటినీ వదులుకున్నట్టే.

పాతలెక్కలు

సేల్స్‌రెప్ గారి మాటలో బలం ఉంది. కానీ అదే కంపెనీకి 2021-22లో లాభం సుమారు 2,960 కోట్లు, 2022-23లో సుమారు 1,820 కోట్లు. కోవిడ్ కాలపు లాభాన్నే శాశ్వతం అనుకుని కొన్నవాళ్లకు ఎదుగుదల కథ కూడా అడ్డుపడలేదు.

ఎదిగిన కంపెనీకి నేను రూపాయిల్లో సగటు తీయను, రాబడి శాతంలో తీస్తాను. అంటే పదేళ్లలో వాటాదారుల సొమ్ము మీద ఏటా ఎంత శాతం లాభం వచ్చిందో సగటు కట్టి, ఆ శాతాన్ని ఇప్పటి పుస్తక విలువ (లెక్కల్లో చూపిన వాటాదారుల సొమ్ము) మీద వేస్తాను. కంపెనీ రెండింతలైతే పుస్తక విలువ కూడా పెరిగి ఉంటుంది కాబట్టి చిన్నప్పటి లాభాలు దాన్ని కిందకి లాగవు. చెడ్డ సంవత్సరాలు, మంచి సంవత్సరాలు మాత్రం లెక్కలోకి వస్తాయి. గాజువాక గారూ, మీ కంపెనీ పుస్తక విలువ ఎంత?

గాజువాక_మదుపరి

షేరుకి 95. పదేళ్ల రాబడి సగటు 12 శాతం వచ్చింది మాస్టారూ.

పాతలెక్కలు

95లో 12 శాతం 11.40. ధర 108 అంటే తొమ్మిదిన్నర రెట్లు. అక్క చెప్పిన 11కీ, నేను మొదట చెప్పిన 8కీ మధ్యలో పడింది. మూడు దారుల్లో వెళ్లినా ఒకే ఊరి దగ్గరికి వచ్చాం, అందుకే కొంచెం ధైర్యంగా చెప్తున్నాను: ఈ కంపెనీ మామూలు ఏడాదిలో పది నుంచి పదమూడు రూపాయలు సంపాదిస్తుంది. 40 సంపాదించే కంపెనీ కాదు, 6 సంపాదించే కంపెనీ కూడా కాదు.

ఇక బ్యాంకువాడిగా నా అసలు భయం చెప్తాను. ఈ లెక్క లాభాలనే చూస్తుంది, అప్పును చూడదు. సగటు ఎంత బాగున్నా చెడ్డ సంవత్సరాలు దాటగలిగితేనే మంచి సంవత్సరం చేతికొస్తుంది. 2017 జూన్‌లో ఆర్‌బీఐ దివాలా చట్టం కింద ముందుగా పంపమన్న పన్నెండు పెద్ద ఖాతాల్లో ఐదు ఉక్కు కంపెనీలవే: ఎస్సార్ స్టీల్, భూషణ్ స్టీల్, భూషణ్ పవర్ అండ్ స్టీల్, మోనెట్ ఇస్పాత్, ఎలక్ట్రోస్టీల్. ప్లాంట్లు చాలావరకు ఇవాళ్టికీ నడుస్తున్నాయి, ఉక్కు తీస్తున్నాయి. పాత వాటాదారులకు మిగిలింది మాత్రం దాదాపు శూన్యం. ఉక్కు రేట్లు మళ్లీ పెరిగిన 2021 నాటికి ఆ కంపెనీలు వేరేవాళ్ల చేతుల్లో ఉన్నాయి.

మీ కంపెనీ అప్పు ఎంత, 2019-20 లాంటి ఏడాదిలో వడ్డీ కట్టడానికి నిర్వహణ లాభం సరిపోయిందా, ఈ రెండూ చూసి రాయండి.

ఆడిట్_అక్క

ఇంకోటి కూడా చూడండి అన్నా. పదేళ్ల నికర లాభం మొత్తం ఒకవైపు, పదేళ్ల నిర్వహణ నగదు ప్రవాహం మొత్తం ఒకవైపు. తరుగుదల (చేతి నుంచి డబ్బు పోకుండానే లాభంలో తగ్గించే ఖర్చు) తిరిగి కలుస్తుంది కాబట్టి ఉక్కు కంపెనీలో నగదు ఎక్కువ ఉండాలి. తక్కువ ఉంటే లాభం కాగితం మీదే ఉందేమో అని అనుమానించాలి. 2009 జనవరి 7 మన తెలుగువాళ్లు ఎవరూ మర్చిపోలేదు. సత్యంలో 5,040 కోట్ల నగదు లేనే లేదని ఆ ఉదయం ఛైర్మనే ఉత్తరం రాశారు. ముందు పదేళ్ల లాభాలకు ఎవరు ఎంత శ్రద్ధగా సగటు కట్టినా ఏం లాభం? నేను అప్పుడు ఆర్టికల్‌షిప్‌లో (సీఏ శిక్షణలో) ఉన్నాను. ఆ వారం మా ఆఫీసులో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. అప్పటినుంచి నగదు చూడకుండా లాభం గురించి మాట్లాడను.

గాజువాక_మదుపరి

రెండు రోజులు పట్టింది. ఇవీ వివరాలు.

పదేళ్ల నికర లాభం కంటే నిర్వహణ నగదు సుమారు ఒకటిన్నర రెట్లు ఉంది అక్కా. అసాధారణ అంశాల గురించి మీరు చెప్పింది నిజమే. 2021-22 ఈపీఎస్ 40లో 6 రూపాయలు పాత గోడౌన్ స్థలం అమ్మితే వచ్చాయి. నోట్‌లో ఉంది, నేను అప్పుడు చదవలేదు. అది తీసేస్తే సవరించిన సగటు 13.58 నుంచి 12.87కి తగ్గింది.

మాస్టారూ, 2019-20లో వడ్డీకి నిర్వహణ లాభం రెండు రెట్లే ఉంది. బొటాబొటీ. కానీ 2021-22 డబ్బుతో సగానికి పైగా అప్పు తీర్చేశారు. ఇప్పుడు ఈపీఎస్ 6 ఉన్న ఏడాదిలో కూడా వడ్డీకి నాలుగు రెట్లు ఉంది.

ఇప్పుడే అమ్మడం లేదు, ఇంకా కొనడమూ లేదు. పాప ఫీజుకి ఈ నెల నుంచి వేరుగా ఆర్డీ మొదలుపెట్టాను, దానికీ ఈ షేర్లకూ సంబంధం లేకుండా. మా ఆవిడకు ఈ చర్చంతా చదివి వినిపించాను.

ఒక్క సందేహం మిగిలింది. పదేళ్లు అంటున్నాం కానీ ఉక్కులో పెద్ద పతనం 2013 నుంచి 2016 మధ్య వచ్చింది కదా. నా పట్టికలో దాని తోక మాత్రమే ఉంది. ఇంకో మూడేళ్లు వెనక్కి వెళ్లి పదమూడేళ్ల సగటు తీయొచ్చా? పాత రిపోర్టులు దొరికాయి.

పాతలెక్కలు

తప్పకుండా తీయండి. పది అనే అంకెలో మహిమ ఏమీ లేదు, ఒక పూర్తి ఎత్తుపల్లం అందులో పట్టాలనే పదేళ్లన్నారు. మీ సగటులో ఎత్తు మొత్తం ఉంది, పల్లం సగమే ఉంది. 2012-13, 2013-14, 2014-15 కలిపితే సగటు తగ్గుతుందనే అనుకుంటున్నాను.

ఆడిట్_అక్క

అవి పాత అకౌంటింగ్ పద్ధతిలో ఉంటాయి అన్నా. ఇండ్ ఏఎస్‌కి మారిన ఏడాది రిపోర్టులో అంతకుముందు ఏడాది లాభాన్ని రెండు పద్ధతుల్లోనూ చూపించే పట్టిక ఒకటి ఉంటుంది, చివరి నోట్లలో వెతకండి. తేడా తక్కువే ఉంటే ఆ మూడేళ్లూ అలాగే వాడేయండి. ఎక్కువ ఉంటే ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.

గాజువాక_మదుపరి

దొరికింది అక్కా, 187వ పేజీ. తేడా షేరుకి నలభై పైసలు. మూడేళ్ల ఈపీఎస్ 1, 3, నష్టం 2. కలిపి రేపు రాత్రికి పెడతాను.